క్రేనెక్కిన తొలి గంప

కృష్ణగిరి మామిడి మండీ వెంకటేశులు గారి తెల్ల అంబాసిడర్‌ను హోసూరు షెడ్డులో చూసి, ఆయన కొడుకు జయరాము దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బంపర్ ఊడి నేల మీద పడి ఉంది. పగిలిన రేడియేటర్ నుంచి నీళ్ళు కారుతున్నాయి. కారన్నాక కారక మానుతుందా అని నవ్వుకునే ఓపిక అతనికి ఆ పూట లేదు.

ముందురోజు వానలో శూలగిరి దగ్గర ఆగిపోయిన ఆ బండిని షెడ్డు ఓనరు అంకప్ప టోయింగ్ క్రేను లాక్కొచ్చింది.

"నేను అప్పజెప్పినప్పుడు బంపర్ బండికే ఉండెనప్పా," అన్నాడు జయరాము.

"పాత బండి. తుప్పు పట్టింటాది. ఆడ చూడు," అని అంకప్ప గోడ మీది బోర్డు చూపించాడు. 'దారిలో జరిగే డామేజీకి మేము బాధ్యులము కాము.'

లాగే పనికి టోయింగ్ అని పేరెందుకొచ్చిందో జయరాముకు అప్పుడర్థమైంది. తప్పంతా ఎదుటివాడి మీదికి తోయడమే వీళ్ళ పని.

"ఎల్లుండి మా తొలి గంపప్పా," అన్నాడు దిగులుగా.

ఏటా మొదటి మామిడి గంపను ఆ కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, వెంకటేశులే నడుపుకుంటూ మండీకి తెస్తాడు. ఆ గంప దిగందే అక్కడ వేలం మొదలు కాదు. ఈసారి గంప దిగగానే మండీ తాళాలు కొడుకుకిస్తానన్నాడు. ఒక్క కారును కాపాడలేనివాడికి అన్ని కాయలెవరు అప్పగిస్తారు?

ఇంతలో కారు కింద నుంచి రెండు కాళ్ళొచ్చాయి, తర్వాత ఒక చుడీదారు వచ్చింది, చివరికి ముక్కు మీద గ్రీజు చుక్కతో మనిషి లేచి నిలబడింది. అంకప్ప కూతురు సుమ.

"యాక్సిల్ మీద కొక్కెం గీటే లేదు నాయనా. బురదలో పడుకోవల్లని బద్ధకమై బంపర్‌కు తగిలించినావు. తప్పు మనది."

"గిరాకీ ముందర ఏం మాటే అది?"

"ముందర చెప్తేనే నిజం నాయనా. ఎనక చెప్తే పుకారు."

బోర్డు దగ్గరికి పోయి, గ్రీజు బొటనవేలితో చివరి మాట చెరిపేసింది. 'మేము బాధ్యులము' అని మిగిలింది.

జయరాము నోరు తెరిచాడు. కన్నతండ్రి తప్పును కొత్తమనిషి ముందు ఇంత నిమ్మళంగా ఒప్పుకునే పిల్ల ఈ హైవే పక్కనే ఉందా? ఊడింది బంపరే గానీ, తగిలింది బంపర్ ప్రైజులా ఉంది.

"రేడియేటర్ బెంగుళూరు నుంచి రావల్ల సార్. ఎల్లుండికి కాదు."

"అయితే నా పని అయిపోయినట్టే."

"బండి నడవదన్నాను. పోదనలేదు కదా." ఆమె క్రేను వైపు చూసింది. "మీ నాయనకు జరిగింది చెప్పే ధైర్యముందా?"

"లేదు."

"నేనొచ్చి చెప్తాను. మీరు మామిడాకులు తెండి."

మూడో రోజు పొద్దున కృష్ణగిరి మండీలో గొనుగుళ్ళు, బేరాలు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సన్నటి తుంపరలో మామిడి తోరణాలు, బంతిపూలు కట్టుకున్న క్రేను నెమ్మదిగా వస్తోంది. నడుపుతున్నది సుమ. వెనక, ఉత్సవ విగ్రహంలా ముక్కు ఆకాశానికెత్తిన అంబాసిడర్. అందులో స్టీరింగ్ పట్టుకున్న వెంకటేశులు, పక్క సీట్లో తొలి గంప. హమాలీలు తలగుడ్డలు తీసి చేతిలో పట్టుకున్నారు. ఎవరో ముసలాయన దండం కూడా పెట్టాడు, గంపకో క్రేనుకో తెలియలేదు.

గంప దిగింది. వేలం పాట మొదలైంది.

సుమ దిగి వచ్చి చేతులు జోడించి, ముందురోజు ఇంటికొచ్చి ఆయనకు చెప్పిన మాటే మండీ అందరి ముందరా చెప్పింది. "బండి రిపేరంతా మాదే సార్. తప్పు మాది."

వెంకటేశులు కారు దిగి వచ్చాడు. "తప్పు చేసినోళ్ళు దాన్ని గోనెసంచి కింద దాస్తారు తల్లీ. నువ్వు పూలు కట్టి ఊరేగించినావు. ఇంత ఎత్తులో మా తొలి గంప ఎప్పుడూ రాలేదు."

మండీ తాళాలు తీసి కొడుకు వైపు తిరిగాడు. జయరాము ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు, క్రేనును కాదు, క్రేను నడిపిన పిల్లను చూస్తూ.

"వీని చేతికిస్తే జారిపోతాయి. నువ్వు పట్టుకోమ్మా. ఇంక నన్ను సార్ అనొద్దు, మామా అను."

సుమ ముఖం బంతిపువ్వుతో పోటీ పడింది. తాళాలు అందుకుంటూ జయరామును ఓరగా చూసింది.

"ఏమప్పా, అనల్నా, వద్దా?"

"అను," అన్నాడు జయరాము. "కొక్కెం ఆ పొద్దు షెడ్డులోనే తగులుకునింది. ఈసారి సరైన చోట."