రెండు మడతల గుడ్డ

"ఏమే ఫిలోమినా, బావిలో చేపలు పడతన్నావా?"

దిగుడుబావి మెట్ల మీద నిలబడి దానయ్య నవ్వుతున్నాడు. ఫిలోమినా తల ఎత్తలేదు. పాత పంచెముక్కను రెండు మడతలు వేసి కడవ మూతి మీద పరిచి, నీళ్ళు వడగడుతోంది.

"పడితే పులుసు నీకే పంపిస్తాలే బావా."

అతను వంగి దోసిళ్ళతో తాగి వెళ్ళిపోయాడు. ఆ నవ్వంటే ఆమెకు ఇష్టం. ఆ దోసిలంటే భయం.

మరుసటి ఎండాకాలానికి ఆ భయమే నిజమైంది. దానయ్య చీలమండ మీద బొబ్బ లేచి పగిలి, వడగట్టని నీళ్ళతో ఒంట్లో చేరిన నారిపురుగు తల తెల్లటి దారంలా పైకి వచ్చింది. అతని తల్లి మణెమ్మ వచ్చి, "నీకు ఓపికెక్కువ అమ్మాయ్, ఒకసారి రా," అని పిలుచుకుపోయింది.

రోజూ పొద్దున్నే ఫిలోమినా ఆ కాలి మీద నీళ్ళు ధారగా పోసేది. పురుగు ఎంత వదులైతే అంత వేపపుల్లకు చుట్టి కట్టు కట్టేది. ఒకనాడు వేలెడు వచ్చేది, ఒకనాడు గోరంత కూడా వచ్చేది కాదు.

"సోమవారం సాగరు ఆనకట్ట పనికి లారీ పోతంది. ఒక్క గుంజు గుంజెయ్యవే," అన్నాడు దానయ్య.

"గుంజితే తెగిద్ది."

"తెగితే ఏంది?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"మా కృపానందం అన్న కోతలకు పోవాలని గుంజాడు బావా. తెగిన ముక్క లోపలే ఉండి కాలు కుళ్ళింది. పేట ఆసుపత్రికి పోయేలోపు బండిలోనే పానం పోయింది. నీళ్ళు వడగట్టి తాగమని అక్కడి నర్సమ్మ చెప్పింది గానీ, వినటానికి అప్పటికే అన్న లేడు. నేను వడగట్టేది ఆయన పంచె."

సోమవారం వీధిలో లారీ హారన్ మోగింది. దానయ్య కళ్ళు మూసుకుని పడుకున్నాడు. కాలు కదపలేదు.

పురుగంతా వచ్చేసినా కుంటినడక మిగిలింది. బావికి వచ్చిన మొదటి రోజు గుడ్డ తెచ్చుకున్నాడు. తర్వాత ఒకనాడు చేను నుంచి దప్పికతో వచ్చి, అలవాటు చొప్పున దోసిలి పట్టాడు. ఫిలోమినా చూసింది. కడవ ఎత్తుకుంది. ఇంకో బండి, ఇంకో శవం అనుకుంటూ ఇంటిదాకా ఏడ్చింది.

మర్నాడు అతని చెంబు మూతికి గుడ్డ బిగించి కట్టి ఉంది.

"మర్చిపోతానని కట్టేశా."

"ఇయ్యాల గుర్తుంది. రేపో?"

"రేపు రేపే చూద్దువుగానీ."

ఆమె రోజూ చూసింది. వానలు వచ్చి పోయాయి, మిరప కోతలు వచ్చాయి. చెంబుకు గుడ్డ చిరిగిన ప్రతిసారీ కొత్త ముక్క కనిపించేది. దోసిలి మళ్ళీ కనపడలేదు.

ఒక సాయంత్రం అతను కుంటుకుంటూ వచ్చి తెల్లకోక ఒకటి ఆమె చేతుల్లో పెట్టాడు.

"మీ అన్న పంచె చానా పల్చబడింది. ఇంక దాచుకో."

"ఇంత మంచి కోకతో నీళ్ళు వడగడతారా ఎవరైనా?"

"ముందు గుడిలో పాదిరిగారి దగ్గర మన పెళ్ళికి కట్టుకో. చిరిగినాక ఇద్దరం కలిసి మడత పెడదాం."

ఆమె కోక అంచు వేళ్ళతో నలిపి చూసింది. నేత గట్టిది.

"ఇది చిరగాలంటే చానా ఏళ్ళు పడుద్ది బావా."

"పట్టనీ. తొందరపడితే తెగిద్దని నువ్వేగా చెప్పింది."