ఒక్క క్షణం మాస్టారి కొత్త కెమెరా

ఇంటి ముందు గది స్టూడియో, వెనక రెండు గదులు కాపురం. ఆ రెండింటికీ మధ్య, ఒకప్పుడు ఫిల్ము కడిగిన ఇరుకు గదిలో ఉదయం ఏడున్నరకే కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె ఒక పెళ్ళికూతురి కళ్ళకు పదును పెడుతోంది. ఎంత పెట్టినా ఆ కళ్ళు తేటపడటం లేదు. చెవి మాత్రం అద్భుతంగా వచ్చింది, కమ్మలో రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. కానీ చెవి చూసుకోవడానికి ఎవరూ ఆల్బమ్ చేయించుకోరు కదా.

ముందు గదిలో భర్త దగ్గు వినిపించగానే చటుక్కున ఆ ఫొటో మూసేసి ఇంకొకటి తెరిచింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన దగ్గర దాచిన సంగతులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇదొక్కటి మాత్రం ఆర్నెల్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతోంది.

ఆయన్ను ఊళ్ళో అందరూ ఒక్క క్షణం మాస్టారు అంటారు. ఎంత మంచి కెమెరా చేతికిచ్చినా దాని ఆటో ఫోకస్‌ను ఆయన పూర్తిగా నమ్మడు. కెమెరా తన పని తాను చేసుకున్నాక, "ఒక్క క్షణం" అంటూ లెన్స్ రింగును వెంట్రుకవాసి తిప్పి, అప్పుడు నొక్కుతాడు. ఆ చివరి తిప్పుడులోనే తన పనితనమంతా ఉందని ఆయన నమ్మకం, చాలా ఏళ్ళు అది నిజం కూడా. ఇప్పుడు ఆ తిప్పుడే ఫొటోలను పాడు చేస్తోంది. హడావిడిలో రింగు ముట్టుకోని ఫొటోలు నిక్షేపంగా వస్తున్నాయి, తీరిగ్గా సవరించి తీసినవన్నీ మసక. పైగా ఆమె రంగులు సరిచేసిన ప్రతి ఫొటో చూసి, "పసుపుపచ్చగా ఉందే, కాస్త నీలం వెయ్యి," అంటున్నాడు. ఆయన ఎదురుగా నీలం వేసి, ఆయన పక్కకు వెళ్ళగానే తీసేస్తోంది.

లోపం కెమెరాది కాదని ఆమెకు ఎప్పుడో అర్థమైంది. చెప్పాలని మాట నోటిదాకా వచ్చేది, మింగేసేది. మామగారిది కూడా ఇదే వృత్తి. కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బుతో యాభై ఎనిమిదో ఏట చూపు మొత్తం పోయింది. ఆ ఊసు ఎత్తితే చాలు, భర్త లేచి వెళ్ళిపోతాడు. ఈయనకిప్పుడు యాభై నాలుగు.

ఫోన్ మోగింది. మందుల షాపాయన.

"అమ్మగారూ, మా అమ్మ ఫొటో పెద్దది చేసిస్తామన్నారు. గోడకు మేకు కూడా కొట్టి ఉంచాను."

"ప్రింటింగ్ మెషిన్ ఇంకా రిపేర్లోనే ఉందండీ. వచ్చే వారం తప్పకుండా."

"పోయిన నెలా ఇదే చెప్పారు. పర్వాలేదు లెండి, తొందర లేదు."

తొందర లేదని ఆయన అన్న తీరుకే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. షాపాయన తల్లి, అప్పుడే పుట్టిన మనవరాలిని ఎత్తుకున్న ఫొటో అది. రెండు వారాలు తిరక్కుండానే పెద్దావిడ పోయింది. మనవరాలితో ఆమెకున్న ఫొటో అదొక్కటే. అందులో మొహం మసక. చిన్న సైజులో ఎలాగో సర్దేసింది గానీ, గోడంత చేస్తే గుట్టు రట్టవుతుంది.

టిఫిన్ దగ్గర మళ్ళీ కెమెరా గోల మొదలైంది. పాతది పదేళ్ళు చాకిరీ చేసి అలిసిపోయిందనీ, దాని ఫోకస్ పోయిందనీ ఆయన తేల్చేశాడు. కాలేజీలో చదువుతూ సెలవుల్లో నాన్న వెనక లైటు పట్టుకు తిరిగే కూతురు, మిర్రర్‌లెస్ అనే కొత్త రకం కెమెరా కొనాల్సిందేనని మూణ్ణెల్లుగా చెవిలో పోరుతోంది. వచ్చే ఆదివారం టైలరు గారి అమ్మాయి పెళ్ళి. దానికి కొత్త కెమెరాతోనే వెళ్ళాలని తండ్రీ కూతుళ్ళు ఒక్కటైపోయారు.

"బాడీ ఖాయం. లెన్స్ ఎనభై అయిదు, అపర్చర్ ఒకటి పాయింట్ రెండు," అన్నాడు ఆయన. "వెనకదంతా కరిగిపోయి మనిషి ఒక్కడే నిలబడాలి."

"జూమ్ తీసుకోండి. నాలుగు అపర్చర్ చాలు, బరువు కూడా తక్కువ," అంది ఆమె.

"నాలుగా? అది షికారుకెళ్ళేవాళ్ళు మెళ్ళో వేసుకునే లెన్స్. వెనక మసగ్గా ఉంటే ప్రాణం పెట్టేదానివి, నీకేమైందే ఈమధ్య?"

"వయసొచ్చింది."

"ఎవరికి?"

"నాకే. ఇంకెవరికి."

"అమ్మా, హాల్లో లైటు తక్కువుంటే నాలుగు ఎలా సరిపోతుంది?" అంది కూతురు.

"నువ్వు ముందు తిను."

అసలు కారణం వేరే ఉంది. అపర్చర్ అంకె చిన్నదైతే లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది. ఎంత పెద్దగా తెరుచుకుంటే ఫోకస్ అంత పలచనవుతుంది. కనురెప్ప తేటగా ఉంటే ముక్కు కొస మసకబారుతుంది. అంత పలచటి అంచు మీద నిలబడాలంటే మంచి చూపుండాలి. నాలుగు అపర్చర్ అయితే రింగు కాస్త అటూ ఇటూ తిరిగినా మొహమంతా నిలుస్తుంది. ఆయనకు తెలియకుండా ఆయన్ను కాపాడే లెన్స్ ఏదా అని ఆమె వెతుకుతోంది.

పదకొండింటికి ముగ్గురూ కెమెరా దుకాణానికి వెళ్ళారు. దుకాణదారుకు ఆయనంటే గౌరవం. కొత్త బాడీ తీసి, నడుమ జత కలిపే అడాప్టర్ పెట్టి, ఆయన తెచ్చిన పాత ఎనభై అయిదు లెన్స్‌నే దానికి బిగించాడు.

"ముందు మీ లెన్స్‌తోనే చూసుకోండి సార్. నచ్చితే అప్పుడు కొత్త లెన్స్ సంగతి. మనిషి కనపడగానే ఇది కన్ను పట్టుకుంటుంది, మీరు నొక్కడమే."

కూతురిని కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆయన కెమెరా కంటికి ఆనించి, పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పాడు. చూపుకు తగ్గట్టు లోపలి తెరను సరిచేసుకునే చక్రం అది. తిప్పాడు, ఇంకా తిప్పాడు, అది చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ చక్రం ఆగడం ఆమె చూసింది.

మొదటిది కెమెరాకే వదిలేసి తీశాడు. రెండోదానికి అలవాటుగా, "ఒక్క క్షణం," అని రింగు తిప్పి నొక్కాడు. దుకాణదారు రెండు ఫొటోలనూ గోడ మీది పెద్ద తెర మీద పక్కపక్కన పెట్టాడు.

"ఇప్పుడు చెప్పండి సార్. ఏది మీ చేతిది, ఏది కెమెరాది?" సరదాగా అడిగాడు.

ఆయన రెండడుగులు ముందుకు వేసి, తల కొంచెం పక్కకు వంచి చూశాడు. "ఇదే నాది," అంటూ కుడివైపు దాన్ని చూపించాడు. "ఎంత పదునుగా ఉందో చూడండి. వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు."

ఆయన చూపించినది నిజంగా ఆయన చేతిదే. కానీ అది పదునుగా లేదు. కూతురి కళ్ళు రెండూ ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టున్నాయి. దుకాణదారు మొహంలో నవ్వు సగంలో ఆగింది.

"నాన్నా, అదేంటి, అది..." అని కూతురు మొదలుపెట్టింది.

"అవును, అదే బాగుంది," అంది ఆమె, గబగబా. "అదే పదునుగా ఉంది."

ఆయన తెర వైపు నుంచి భార్య వైపు తిరిగి చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో కౌంటరు అంచు తడుముకుని, కెమెరాను దాని మీద జాగ్రత్తగా పెట్టాడు.

"మళ్ళీ వస్తాం," అన్నాడు దుకాణదారుతో.

ఇంటిదాకా ఆయన ముందు, వాళ్ళిద్దరూ వెనక నడిచారు. స్టూడియో తలుపు వేశాక ఆయన, కస్టమర్లను కూర్చోబెట్టే స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా నా ఫొటోలు ఏరుతున్నావు," అన్నాడు. "ఆవగింజంత మసక ఉన్నా పక్కన పడేస్తావు. నేను బతిమాలినా వినవు. అందుకే అడుగుతున్నా. ఇందాక అబద్ధం ఎందుకు చెప్పావు?"

"అబద్ధం కాదండీ..."

"దుకాణంలో వాళ్ళిద్దరి మొహాలు మారడం నాకు కనపడలేదనుకున్నావా? అంత గుడ్డివాణ్ణి కాలేదింకా." ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు తనే ఉలిక్కిపడ్డాడు. "ఎన్నాళ్ళుగా?"

"ఆర్నెల్లు."

"ఆర్నెల్లూ నన్ను వెర్రివాణ్ణి చేసి ఆడించావు."

"మీరు ఆడించలేదా?" ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. "పేపరు కిటికీలో పెట్టుకుని చదువుతారు. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతారు. సాయంత్రమైతే బండి తియ్యడం మానేశారు. నాకు తెలియదనుకున్నారా? కెమెరా పాడైంది, కెమెరా పాడైంది అని దాని మీద తోసేస్తే ఊరుకున్నాను. మామయ్యగారి సంగతి గుర్తొచ్చి నేనూ వణికిపోయాను. చెప్తే ఎక్కడ నిజమైపోతుందోనని..."

కూతురు తల్లి భుజం పట్టుకుంది. ఆ పిల్లకు ఇదంతా ఇప్పుడే తెలిసింది.

"ఒరిజినల్స్ ఉంచావా?" అని అడిగాడు ఆయన.

ఉంచింది. సవరించకముందు ఎలా వచ్చాయో అలా, ఒక్కటి కూడా చెరపలేదు. ఆయన ఇరుకు గదిలో కుర్చీ లాక్కుని, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా కూర్చుని ఒక్కొక్కటే పెద్దది చేయించుకుని చూశాడు. పెళ్ళికూతురి చెవి చూశాడు. పెద్దావిడ ఫొటో దగ్గర ఆగాడు.

"ఇది మందుల షాపాయన వాళ్ళమ్మ కదూ."

"అవును. పెద్దది కావాలని మూడు నెలలుగా అడుగుతున్నాడు. మెషిన్ రిపేరని చెప్తున్నాను."

"ఆవిడ లేదుగా ఇప్పుడు."

"లేదు."

"ఇది మళ్ళీ తియ్యలేంగా."

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం ఆమె ఎప్పుడో మామగారు పోయినప్పుడు చూసింది, మళ్ళీ ఇప్పుడే. "నా పరువు కాపాడుతున్నావనుకున్నావు," అన్నాడు. "కానీ వీళ్ళ ఫొటోలు ఎవరు కాపాడతారే? ఆవిడకు దణ్ణం పెట్టి చెప్తున్నా, నాకు ఫోకస్ కుదిరినట్టే అనిపించింది."

ఆ మాటతో ఆమెకు తల వంచుకోక తప్పలేదు. తను సరిచేస్తున్నది ఫొటోలను కాదని, ప్రతి ఉదయం ఇంకొకరి పెళ్ళినో ఇంకొకరి తల్లినో పణంగా పెడుతోందని ఇన్నాళ్ళూ తనకు తాను ఒప్పుకోలేదు.

మర్నాడు కంటి డాక్టరు దగ్గర వరండాలో మూడు గంటలు కూర్చున్నారు. ఆమెకు ఆ మూడు గంటలూ మూడు రోజులయ్యాయి. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. డాక్టరమ్మ చుక్కల మందు వేసి, ఒత్తిడి కొలిచి, లైటు వేసి చూసి, "రెండు కళ్ళలోనూ శుక్లాలు," అంది. "మీ నాన్నగారి జబ్బు మాత్రం ఇప్పటికైతే లేదు, ఏడాదికోసారి చూపించుకోండి. శుక్లాలు ఆపరేషన్‌తో పోతాయి. మీకు అన్నీ పసుపుపచ్చగా కనిపిస్తున్నాయా?"

ఆయన భార్య వైపు చూశాడు. "ఎంత నీలం వేయించానే నీ చేత," అన్నాడు.

"వేశాను, తీసేశాను," అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

తిరుగుదారిలో ఆయనే మందుల షాపు ముందు ఆగాడు. మెషిన్ రిపేరు లేదనీ, తన కంటి వల్ల ఫొటోలో మొహం చెడిపోయిందనీ కౌంటరు ముందు నిలబడి చెప్పేశాడు. షాపాయన మాత్రల పెట్టె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అప్పుడు ఆమె, రాత్రి వేసి తెచ్చిన ఒక ప్రింటును సంచిలోంచి తీసింది. రింగు తిప్పినప్పుడు ఫోకస్ మొహం దాటి ముందుకు జారి, పాప వీపు మీదున్న పెద్దావిడ చేతి మీద పడింది. ఆ చేతి వరకే పెద్దది చేసింది. నరాలు, ముడతలు, అరిగిపోయిన ఉంగరం అన్నీ తేటగా ఉన్నాయి.

షాపాయన చాలాసేపు చూశాడు. "అమ్మ చెయ్యే," అన్నాడు. ఆ తర్వాత, "మొహం ఉంటే బాగుండేది," అని కూడా అన్నాడు. ఫొటో మాత్రం తీసుకున్నాడు. ఇద్దరూ తల వంచుకుని బయటికొచ్చారు.

శనివారం కెమెరా ఇంటికొచ్చింది. దానితోపాటు వచ్చింది నాలుగు అపర్చర్ జూమే. ఎంపిక ఆయనదే. "ఆదివారం తీసేది నువ్వు," అని భార్యతో అన్నాడు. "నా చూపు తిరిగొచ్చాక ఆ ఎనభై అయిదు సంగతి చూద్దాం."

"నాకు తియ్యడం వచ్చా? నేను ఏరేదాన్నే గానీ..."

"ఏది బాగుందో తెలిసినదానికి తియ్యడమెంతసేపు. పెళ్ళివాళ్ళను నవ్వించే పని నేను చూసుకుంటా. లైటు అమ్మాయి పట్టుకుంటుంది. ముందు నన్ను తీసి చెయ్యి అలవాటు చేసుకో."

ఆయన స్టూలు మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఎప్పుడూ ఎదుటివాళ్ళను అక్కడ కూర్చోబెట్టిన మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె కెమెరా కంటికి ఆనించింది. తెరలో ఒక చిన్న ఆకుపచ్చ చదరం ఆయన మొహమంతా వెతికి, వెళ్ళి మసకబారిన ఆ కంటి మీదే నిలబడింది.

"రింగు ముట్టుకోకు," అన్నాడు ఆయన. "దాన్ని దాని పని చేసుకోనీ."

ఆమె నొక్కింది.

"బాగా వచ్చిందా? నిజం చెప్పు."

వెనక తెర మీద ఫొటో చూసుకుంది. ఆర్నెల్లుగా ఆయన ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగాడో, తను ఎన్నిసార్లు "బాగుందండీ" అందో గుర్తొచ్చి కళ్ళు నిండిపోయాయి.

"లేదండీ," అంది. "నవ్వు బాగుంది గానీ కళ్ళు మూసేశారు. కదలకుండా కూర్చోండి, మళ్ళీ తీస్తాను. ఒక్క క్షణం."