చూస్తే తగ్గే స్కోరు

కీచుమంటూ బైక్ గోడకి గుద్దుకుంటుంది!

లోన్ ఏజెంట్ కిందపడి లేస్తాడు. కుంటుతూ చీకటి సెల్లార్‌లోకి పరుగు తీస్తాడు.

వెనకే టైలరమ్మ... చేతిలో రివాల్వర్!

ఆమె వెనక, సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకుని భర్త. అతను క్యాష్ వ్యాన్ గార్డు. రివాల్వర్ అతనిదే. తెచ్చి ఆమె చేతిలో పెట్టిందీ అతనే.

పొద్దున వీధి వీధంతా చూస్తుండగా రికవరీ వాళ్లు ఆమె కుట్టుమిషన్లు మోసుకుపోయారు. ఆమె తీసుకోని అప్పుకి! ఆ మిషన్లే ఆమె బతుకు. వీణ్ణి వదిలే ప్రసక్తే లేదు.

సెల్లార్ చివర గోడ. ఏజెంట్ చేతులెత్తేస్తాడు.

"అక్కా... నేను కాదు! ఒట్టు!"

"మరి నా పేరు మీద అప్పు ఎవడు తీశాడ్రా?"

"నీ క్రెడిట్ రిపోర్ట్ చూసుకో! ఎప్పుడైనా చూశావా?"

"చూస్తే స్కోరు తగ్గిపోతుందటగా!"

ప్రాణం పోయేలా ఉన్నా ఏజెంట్ నోరెళ్లబెడతాడు.

"మనది మనం చూసుకుంటే ఒక్క పాయింటు కూడా తగ్గదక్కా! నీకెవరు చెప్పారా మాట?"

"వాడి సోది వినకు! కాల్చెయ్!" వెనక నుంచి భర్త అరుపు.

వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. ఎడమచేత్తో ఫోన్ తీస్తుంది.

"ఎలా చూడాలి? తొందరగా చెప్పు!"

"క్రెడిట్ బ్యూరో సైట్‌కి వెళ్లు... ఫ్రీ రిపోర్ట్ నొక్కు. పేరు, పుట్టిన తేదీ, ఐడీ నంబరు కొట్టు. అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరుకే ఓటీపీ వస్తుంది!"

కొడుతుంది.

ఆమె ఫోన్‌లో ఉలుకూ పలుకూ లేదు. ఏజెంట్ చేతులు గాల్లోనే ఉన్నాయి, ఖాళీగా.

టింగ్!

వెనక నుంచి!

గిర్రున తిరుగుతుంది. భర్త ఫోన్ అతని చేతిలోనే వెలుగుతోంది. మరి చొక్కా జేబులో వెలుగుతున్నదేంటి?

రెండో ఫోన్... ఆమె ఎన్నడూ చూడనిది!

స్కోరు చూడొద్దన్నదీ అతనే. ఏజెంట్ పేరు చెప్పిందీ అతనే. వీడు చచ్చి, తను జైలుకి పోతే... అతనికిక అడ్డేముంది?

"అది... అది కంపెనీ ఫోనే..." భర్త వెనక్కి అడుగేస్తాడు.

రివాల్వర్ అతని గుండెకి గురిపెడుతుంది.

"ఓటీపీ చెప్పండి."

"అది... ఎవరికీ చెప్పకూడదే..."

ఢాం!