ఎనిడ్ ఏదీ?

డెర్వెంట్ నదిలో తేలిన శవం మెడ మీద సూది గుచ్చిన మచ్చ ఉంది. చనిపోయినవాడు పాడీ క్విన్. డాక్టర్ ఫిలిప్పా హార్గ్రీవ్ ల్యాబ్‌లో టెక్నీషియన్.

"మునిగి చావలేదు. చంపి ముంచారు," అంది గూఢచారి సంస్థ చీఫ్ బ్రాన్విన్ కెల్. హోబార్ట్ రేవులో, ఫెర్రీ కోసం నిలబడ్డ జనం మధ్యే ఉన్నారిద్దరూ. మాట పక్కవాడికి వినబడనంత గాలి. "ఫిలిప్పా మెషీన్ సంగతి తెలుసుగా?"

"మూర్ఛ రోగులకి కదా?" అన్నాడు ఏజెంట్ లాక్లన్ టీగ్.

"మొదలుపెట్టింది వాళ్ళకే. పుర్రెలోకి సన్నటి తీగలు, కాస్తంత కరెంటు. ఫిట్స్ తగ్గాయి. దిగులుతో మంచం పట్టినవాళ్ళు కూడా లేచి తిరిగారు. ఇప్పుడు మతిమరుపు రోగుల మీద చూస్తోంది. ఐదు నిమిషాలపాటు పాతవన్నీ గుర్తొస్తాయి. తర్వాత మెషీన్ తనే ఆగిపోతుంది. ఇవాళ్టి పేషెంట్ డెస్మండ్ పిరీ."

టీగ్‌కి గూఢచారి విద్య నేర్పిన గురువు ఆయన.

"శత్రుదేశంలో మనకి రహస్యాలు అందించిన ఆవిడ పేరు ఏ ఫైల్లోనూ లేదు. ఆయన బుర్రలోనే ఉంది. ఆవిడ ఇంకా అక్కడే ఉంది, మనవలతో. పాడీ దగ్గర ఈ పరీక్ష సంగతి రాబట్టి చంపిన ముఠా ఆ పేరు కోసమే వస్తుంది. పరీక్ష ఆపేస్తే జారుకుంటారు. వాళ్ళలో ఉన్న మన మనిషి సెలెస్ట్, డెస్మండ్ మేనకోడలి వేషంలో ముఠా నాయకుణ్ణి వెంటబెట్టుకొస్తుంది. పట్టుకో."

వార్డులో గచ్చు తుడిచే పనివాడి వేషం వేశాడు టీగ్. డెస్మండ్ తలని ఇనుప చట్రంలో బిగించి ఉంచారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటిలో ఎవరూ లేరు.

"తెలివి రాగానే భార్య ఏదని అడుగుతాడు," అంది ఫిలిప్పా మెల్లగా. "షాపుకెళ్ళిందని చెప్పండి. పోయిందని మాత్రం అనకండి. విన్న ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే కుళ్ళి కుళ్ళి ఏడుస్తాడు. నేనూ ఒకసారి చెప్పాను. ఆ ఏడుపు నాకింకా వినబడుతోంది."

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ సిల్కు గౌనులో సెలెస్ట్. ఒంటరిగా.

"లామింగ్టన్ కేకులు తాజావేనా?" అడిగాడు టీగ్.

"నిన్నటివి."

కోడ్ సరిగ్గానే ఉంది. మనిషే తేడాగా ఉంది.

"నాయకుడేడీ?"

"నీ ఎదురుగానే ఉంది," అంది సెలెస్ట్. ఆమె పిస్టల్ అప్పటికే ఫిలిప్పా డొక్కలో ఆనింది. "కానివ్వండి డాక్టర్."

మెషీన్ సన్నగా మూలిగింది. ముసలాయన కళ్ళలోకి ఎవరో నడిచి వచ్చినట్టయింది.

"టీగ్! ఏమిట్రా ఆ మాప్ కర్ర? ప్రమోషనా?" నవ్వాడు డెస్మండ్. "ఎనిడ్ ఏదీ?"

"షాపుకెళ్ళింది," అంది ఫిలిప్పా.

"మావయ్యా, సరిహద్దు ఊళ్ళోంచి నీకు కబుర్లు పంపిన ఆవిడ పేరేంటి?" సెలెస్ట్ గొంతు తేనెలా ఉంది. ఆమె చెవిదుద్దులో దాచిన మైకు మీద ఎర్రచుక్క వెలిగింది. నదిలో ఏదో పడవలోంచి ఆమె ముఠా వింటోంది.

అన్నీ గుర్తొచ్చిన సంతోషంలో ఉన్నాడు ముసలాయన. దాచాలన్న సంగతి ఇంకా గుర్తు రాలేదు. "ఆవిడా! ఎంత ధైర్యం అనుకున్నావ్! పేరు..."

ఆయన నోరు మూసేద్దామంటే తల కదిలి తీగలు తెగుతాయి. మీద పడదామంటే డాక్టర్ ప్రాణం పోతుంది. టీగ్ దగ్గర మిగిలింది ఒక్క మాటే.

"సర్. ఎనిడ్ గారు చనిపోయారు."

డెస్మండ్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, తర్వాత ఎక్కడికో పోయింది.

"ఎప్పుడు?"

"మూడేళ్ళయింది. మీరు చెయ్యి పట్టుకునే ఉన్నారు."

ముసలాయన గొంతులోంచి వచ్చిన శబ్దానికి ఫిలిప్పా చెవులు మూసుకుంది.

"పేరు!" అరిచింది సెలెస్ట్. "పేరు చెప్పు!"

"ఎనిడ్," అన్నాడాయన. "ఎనిడ్... ఎనిడ్..."

పడవలో వాళ్ళకి అదొక్కటే వినబడింది. మెషీన్ కీచుమని ఆగింది. సెలెస్ట్ అటు తిరిగిన క్షణంలో మాప్ కర్ర ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ మంచం కిందికి జారింది. వరండాలో కాపు కాసిన పోలీసులు లోపలికి దూసుకొచ్చారు.

వాళ్ళు ఆమెని తీసుకెళ్ళారు. డెస్మండ్ చెంపల మీద తడి ఆరలేదు. అదెందుకో ఆయనకి తెలియదు. చాలాసేపు టీగ్ వంక చూశాడు.

"ఏం అబ్బాయ్, అలా ఉన్నావు? మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"అవునండీ."

"అయ్యో. ఐతే ఇవాళ్టికి ఇంటికెళ్ళు. గచ్చు ఎక్కడికీ పోదులే."