ఆపరేషన్ ఇనుము

"కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గారిని ఇవాళే చంపుతారు. యాక్సిడెంట్‌లా కనిపించేలా" అన్నాడు బాస్.

ఏజెంట్ పిల్లి కుర్చీ అంచుకి జరిగాడు. చప్పుడు కాకుండా నడుస్తాడని ఆ పేరు వచ్చిందని కొత్త ఏజెంట్లు అనుకుంటారు. నిజానికి తలుపు కిర్రుమన్నా ఉలిక్కిపడతాడని పెట్టారు.

"ఎవరు సార్?"

"ప్లాటినం ముఠా. సముద్రం అవతల గనులన్నీ వాళ్ళవే. కాటలిస్ట్ లేకపోతే ఫ్యాక్టరీల్లో రసాయనాలు కదలవు, ప్లాటినం లేకపోతే కాటలిస్ట్ లేదు. ఈవిడేమో అదే పని మామూలు ఇనుముతో చేయిస్తోంది. ఇవాళ్టి డెమోలో రియాక్టర్ పేలిందనుకో, ఇక ఇనుము జోలికి ఎవడూ పోడు. లోపల మన మనిషి ఉంది, ఆకుపచ్చ కోటు. వెళ్ళు."

గ్యాస్ మెకానిక్ వేషంలో పిల్లి లాబ్‌లోకి వెళ్ళేసరికే డెమో మొదలైపోయింది. దళసరి అద్దం గోడకి అవతల కంపెనీల పెద్దలు కూర్చున్నారు. ఇవతల బిందెంత స్టీల్ రియాక్టర్, దాని మీదే కళ్ళు పెట్టుకున్న ప్రొఫెసర్, పక్కన ఆకుపచ్చ కోటు. ఆమె సినిమా పోస్టర్లోంచి దిగివచ్చినట్టుంది.

"పైపు లీకవుతోందా?"

"నిన్నటి నుంచి" అని నవ్విందామె. కోడ్ సరిపోయింది.

పిల్లి జేబులోంచి పెన్ను తీసి రియాక్టర్ కేసి తిప్పాడు. పేలుడు పదార్థాన్ని పసిగట్టే పెన్ను అది. చివర ఎర్రగా వెలిగింది. వంగి చూస్తే అడుగున సబ్బుపెట్టెంత నల్ల డబ్బా, దాని మీద 150 అంకె.

"బాంబు! నూటయాభై డిగ్రీలకి పేలుతుంది. ముట్టుకున్నా పేలుతుంది."

ఆకుపచ్చ కోటు మొహంలో నెత్తురు చుక్క లేదు. "మైక్రోఫోన్ అని చెప్పి పెట్టించారు నాచేత!"

అంటే అటూ ఇటూ జీతం తీసుకుంటోందన్నమాట. తిట్టే తీరిక లేదు. ఆమె తలుపు లాగింది. రాలేదు. బయట తాళం పడింది.

"హీటర్ ఆపండి మేడం!"

"హీటరెక్కడిది నాయనా? కాటలిస్ట్ బతికున్నంతసేపూ వేడి దానంతటదే పుడుతుంది." ఆవిడ రియాక్టర్‌ని చల్లబరిచే నీళ్ళ పైపు కుళాయి తిప్పింది. చుక్క రాలేదు. అదీ కోసేశారు.

రియాక్టర్ మీది వేడి మీటర్ నూట ముప్ఫై దాటింది. పిల్లికి చిన్నప్పుడు జనంలో అమ్మ చెయ్యి వదిలిపోయినప్పటి భయం వేసింది. కూతురు గుర్తొచ్చింది.

"మంచినీళ్ళున్నాయా బాబూ?" అంది ప్రొఫెసర్.

దాహమేమో అనుకుని సీసా అందించాడు. ఆవిడ సిరంజిలోకి కాసిని లాగి, రియాక్టర్ మూతకున్న రబ్బరు బిరడా మీద సూది ఆనించి ఆగిపోయింది. "నా దగ్గరున్న కాటలిస్టంతా ఇదే. ఏళ్ళ కష్టం. తడి తగలకుండా చంటిపిల్లలా చూసుకున్నా."

"మేడం, నూట నలభై ఆరు!"

ఆవిడ కళ్ళు మూసుకుని పొడిచేసింది.

నూట నలభై ఎనిమిది. తొమ్మిది. అంకె అక్కడే కాసేపు వణికింది. తర్వాత నూట నలభై ఏడు.

పిల్లి జేబులోంచి బేడీలు తీశాడు. ఆకుపచ్చ కోటుకి వేయబోతే చేతులు వణికి తాళం పడలేదు. చూడలేక ఆమే వేసుకుంది.

"మీ కష్టమంతా పోయింది కదా మేడం" అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "పోయింది. ఇనుము కదా, నీళ్ళు తగిలితే తుప్పు పట్టి చస్తుంది. ఎంత ఏడ్చినా ఇనుమే, మళ్ళీ చేసుకుంటా. అదే ప్లాటినమైతే ఈ నీళ్ళకి చచ్చేది కాదు. మనది మాత్రం చాలా ఖరీదైన చావయ్యేది."