ఎద్దుల ముందు నాగలి

పర్శరాములు శవం ఇంకా మగ్గంలోనే ఉంది.

నడుము దాకా లోపల. కాళ్లు బయట. చేతిలో స్పానర్ పట్టింది పట్టినట్టే ఉంది.

ఆ మగ్గం ఫ్రాన్స్‌లో తయారైంది. సెకండ్ హ్యాండ్‌లో కొని భివండికి తెచ్చారు. పాత మగ్గాల పక్కన ఖాళీ చేసి నిలబెట్టారు. బిగించే పని మగ్గాల మెకానిక్ అయిన జాబర్ పర్శరాములుది. అక్కడి తెలుగువాళ్ల పేట పద్మనగర్‌లో అతని చెయ్యి పడని మగ్గం లేదు. ఆఖరికి ఆ మగ్గమే అతని ప్రాణం తీసింది.

పీఎస్ఐ సోనాలి ఆడెపు వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. అప్పటికే మెయిన్ స్విచ్ ఆపేశారు. కారఖానాలో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది.

"ఎవరు చూసిన్రు?"

పనివాళ్లు ఒకరి వెనక ఒకరు జరిగారు. సోనాలి పుట్టింది పక్క గల్లీలోనే. వాళ్ల నాన్నా మగ్గం నడిపినవాడే. అయినా ఏం లాభం? ఖాకీ వేసుకున్న రోజే ఆమె వాళ్లకు పరాయిదైపోయింది.

సేఠ్ భూషణ్ అద్దాల ఆఫీసులోంచి విసురుగా వచ్చాడు.

"చూసుడేంది మేడమ్? చంపింది ఎవరో ఎరుకే. గా ఏసుదాసు బిడ్డ ఏంజెలీన. పట్టుకపోండ్రి."

ఏంజెలీనా ముంబయిలో ఫ్రెంచి చదివింది. కంపెనీల కాగితాలను ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి మారుస్తూ ఇంటిపట్టునే సంపాదించుకుంటోంది. ఫ్రాన్స్ ఇంజినీరుకు ఇంగ్లీషు రాదు. సేఠ్‌కు ఫ్రెంచి రాదు. ఫోన్లో మధ్యవర్తిగా ఉండమని ఆమెను పిలిపించారు.

"ఫోన్ ఎప్పుడొచ్చింది?"

"మూడున్నరకు. ఆయన ఏందో సామెత చెప్పిండు. ఈమె బండి, గుర్రం అని ఇంగ్లీషుల ఏందో కూసింది. ఇగ నడుపుమన్నది."

అతని బావమరిది రమేశ్ ముందుకొచ్చాడు. కారఖానా పెత్తనం అతనిదే.

"నాలుగింటికి ఆఫీసు గుమ్మంల నిలవడి 'స్టార్ట్, స్టార్ట్' అన్నది మేడమ్. నా చెవులతోని ఇన్న. బటన్ ఒత్తిన."

"నువ్వేడున్నవ్?"

"మగ్గం ఎనుక, బటన్ల ప్యానెల్ కాడ. పర్శన్న నాకు కనవడలే."

సోనాలి వెళ్లి ప్యానెల్ దగ్గర నిలబడింది. అక్కడి నుంచి పర్శరాములు కాళ్లు కనిపించవు. ఆ మాట వరకు నిజమే.

పంచనామా ముగిసింది. శవాన్ని బయటికి తీసుకుపోయారు. మగ్గం ముందు భాగానికి అడ్డంగా ఉండాల్సిన గార్డు, అంటే రక్షణ రేకు, సగమే బిగించి ఉంది. రెండు బోల్టులు పడ్డాయి. రెండు కింద దొర్లుతున్నాయి.

పక్క మగ్గం మీద పనిచేసే మోజెస్‌ను పిలిచింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"అందరు ఉరుకుతుంటె చూసిన మేడమ్. అప్పుడే తెలిసింది."

"కేక ఇనలేదా?"

"లే మేడమ్."

అప్పుడే గేటు దగ్గర గోల లేచింది. పర్శరాములు భార్య లక్ష్మవ్వ ఏంజెలీనా జుట్టు పట్టుకుని ఈడుస్తోంది. చుట్టూ ఉన్న జనం "ఇంకో నాలుగు తగిలియ్యి" అంటున్నారు. సోనాలి ఆమె చేతిని బలవంతాన విడిపించింది.

"గీ ముండకు వత్తాసు వస్తవా? నీదే కులం? నీదే గల్లి?" అని లక్ష్మవ్వ ఆమె మీదా విరుచుకుపడింది.

జేబులో ఫోన్ మోగింది. సీనియర్ ఇన్‌స్పెక్టర్.

"జనం జమైతున్నారట. ఆరు లోపల పిల్లను అరెస్ట్ చేసి అక్కడి నుంచి తీసుకపో."

అరెస్ట్ అయితే ఆ పిల్ల బతుకు బుగ్గిపాలే. రేపటి నుంచి ఆమె మార్చిన ముక్కను ఎవరూ నమ్మరు. సోనాలికి ఒళ్లు మండింది. ఏంజెలీనాను అద్దాల ఆఫీసులోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

"ఇంజినీరు ఏమన్నడు?"

"నాగలిని ఎద్దుల ముంగట కట్టొద్దు అన్నడు మేడమ్. ఫ్రెంచోళ్ల సామెత."

"నువ్వేమని చెప్పినవ్?"

"గుర్రం ముంగట బండి కట్టొద్దు అని. ఇంగ్లీషోళ్లు గట్లనే అంటరు. ముందుగాల గార్డు బిగియ్యాలె, అప్పటిదాంక ఆగుండ్రి అని గూడ చెప్పిన."

"నాగలి బండెట్లైంది? ఎద్దు గుర్రమెట్లైంది? గిది తప్పు కాదా?"

ఏంజెలీనా కన్నీళ్లు తుడుచుకుని ఎర్రగా చూసింది.

"తప్పెట్లైతది? అనుమానమొస్తే ఫ్రెంచోళ్లు 'బండ కింద పాముచేప ఉంది' అంటరు. ఇంగ్లీషుల గదే పెడితె నవ్వుతరు. 'ఎలుక వాసనొస్తుంది' అనాలె. సామెతల మాట ఒక్కటే చూస్తె కాదు మేడమ్. ఎవరు, ఎవరితోని, ఏడ నిలవడి అన్నరో చూడాలె. మీరంత నా మాటనే పట్టుకొని పీకుతున్నరు."

సోనాలి ఆఖరి ముక్క దగ్గర ఆగింది. ఏడ నిలవడి?

ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కారఖానా అంతా చూసింది. తర్వాత అందరినీ లోపలికి రమ్మంది. లక్ష్మవ్వను కూడా.

"మెయిన్ ఆన్ చెయ్యి మోజెస్. పాత మగ్గాలన్ని నడువాలె. నాలుగింటికి ఎట్లున్నయో గట్లనే. రమేశ్, నువ్వు పోయి ప్యానెల్ కాడ నిలవడు."

మగ్గాలు లేచాయి. నేల అదిరింది. చెవులు దిబ్బళ్లు పడ్డాయి.

సోనాలి గుమ్మంలోంచి గొంతు చించుకుని అరిచింది. "రమేశ్! నీ ఇల్లు కాలుతున్నది!"

రమేశ్ మెడ గోక్కుంటున్నాడు.

"నీ పెండ్లాం బావిల దుంకింది!"

అతను ఆవలించాడు.

సోనాలి చెయ్యి పైకెత్తి అడ్డంగా కోసినట్టు ఊపింది. కారఖానాల్లో 'ఆపు' అనడానికి అదే సైగ. రమేశ్ చెయ్యి దానంతటదే వెళ్లి ఎదుటి మగ్గాన్ని ఆపింది. మోజెస్ మెయిన్ ఆపేశాడు.

నిశ్శబ్దం.

"మేము ఉరుక్కుంట వచ్చేసరికి మగ్గాలన్ని ఆగి ఉన్నయి," అంది సోనాలి. "గందుకే ఆమె మాట తప్పా, ఒప్పా అని కొట్లాడుకున్నం. ఇనవడ్డదా అని ఎవ్వరడుగలే. పక్క మగ్గం మీదున్న మోజెస్‌కు సచ్చేటోని కేకే ఇనవడలే. గంత దూరంల ఉన్న నీకు ఆడివిల్ల మాట ఇనవడ్డదా రమేశ్?"

రమేశ్ ప్యానెల్ మీంచి చెయ్యి తీసేశాడు.

"నీ దాంక మాట రాలే. సైగ వచ్చింది. సైగ అని చెప్తె ఎవరి చెయ్యి అని అడుగుతరు. అందుకే చెవులు అన్నవ్. ఎవరి చెయ్యి చూసినవ్?"

రమేశ్ కళ్లు భూషణ్ వైపు తిరిగాయి.

"బావా..."

"నోర్ముయ్!" భూషణ్ గర్జించాడు. ఈసారి అందరికీ వినిపించింది.

"నేనెందుకు మూస్త? గేటు కాడ బట్ట కొనే బేపారి కారు దిగిండు. మగ్గం నడుస్తుంటె ఆయనకు చూపియ్యాలె అని, నడుపుమని నువ్వే చెయ్యి గుండ్రంగ తిప్పితివి. పర్శన్న లోపలున్నడని నాకెవడు చెప్పిండు?"

"సేఠ్‌కు ఎరుకే," అంది సోనాలి. "ఆఫీసు అద్దంల నుంచి చూస్తె ఆ మగ్గం ముందు భాగమే ఎదురుంగ కనవడ్తది. పర్శరాములు చేతిల స్పానర్ ఉన్నది. గార్డుకు రెండు బోల్టులు పడ్డయి. సేఠ్, ఆగుమన్న మాట మీకు అర్థమైంది గనుకనే ఆయనను గార్డు బిగియ్య పంపిన్రు. బేపారి రాంగనె మనిషిని మరిచిపోయిన్రు. లేకుంటె మరిచినట్టు చేసిన్రు. అది కోర్టుల తేలుతది."

భూషణ్‌ను జీపు ఎక్కించారు. కేసులో రమేశ్ పేరు కూడా చేరింది. ఇందాక ఏంజెలీనాను కొట్టమన్న జనమే ఇప్పుడు జీపును తన్నుతున్నారు.

లక్ష్మవ్వ మాత్రం కదల్లేదు. ఏంజెలీనా ముందు నిలబడింది. క్షమించమని అడుగుతుందేమో అనుకుంది సోనాలి.

"ఆ తెల్లదొర ఏమన్నడే? మల్ల చెప్పు."

"నాగలిని ఎద్దుల ముంగట కట్టొద్దు అన్నడు పెద్దమ్మా."

"గంతేనా? గిది మా ఊళ్లె ఎనుకటి మాట లెక్కనే ఉన్నది. రమేశ్ గాడు తెలుగోడే. మా ఆయన తెలుగోడే. బయటికొచ్చి తెలుగుల చెప్తె ఆ పోరడు బటన్ ఒత్తకపోయేటోడు గద?"

"సేఠ్ ఇంగ్లీషులనే చెప్పుమన్నడు పెద్దమ్మా. నేను ఆయనకే చెప్పిన."

"ఆయనకే చెప్పినవ్," అంది లక్ష్మవ్వ. "మగ్గంల దూరెటోనికి చెప్పలే."