పొగ అవతల మనిషి

ఏడో నెల పున్నమి నాడు పొద్దుగుంకుతుంటే మా వూహాన్‌లో జనం కూడళ్ళకు చేరతారు. నేల మీద సుద్దతో గుండ్రం గీసి, పోయినవాళ్ళ కోసం అందులో కాగితం డబ్బు కాలుస్తారు. ఆ సాయంత్రం ఊరంతా పొగే. నిరుడు ఆ పొగలోనే ముసలి షియోంగ్ పోయాడు.

చచ్చిపోయిన భార్య కోసం కాగితాలు కాలుస్తూ గొంతుక్కూర్చున్నాడు. డ్రైవరు లేని టాక్సీ వచ్చింది. వాటికి అనుమానమొస్తే ఎక్కడో ఆఫీసులో తెర ముందు కూర్చున్న మనిషిని అడుగుతాయి. "ముందున్నది పొగా, మనిషా?" అని అడిగింది. తెరలో ఉత్త పొగే కనపడింది. సాయంత్రం నుంచీ ప్రతి కూడలిలోనూ అదే. "పొగ, పో" అని నొక్కాడు మా ఆయన దషెంగ్.

ఇరవై ఏళ్ళు టాక్సీ నడిపి కుక్కపిల్లను కూడా గుద్దని మనిషి. ఈ బండ్లొచ్చి మా పొట్ట కొట్టాయి. కొట్టిన కంపెనీయే పిలిచి ఆయనకు ఆ తెర ముందు కుర్చీ వేసింది. ఎందుకు వేసిందో ఇప్పుడు తెలిసింది. బండిని జైల్లో పెట్టలేరు, కంపెనీ పెద్దల్ని పెట్టరు, నొక్కిన వేలు ఒకటి కావాలి కదా. కేసు మా ఆయన మీద పడింది. పెద్దలు మాకు పళ్ళబుట్ట పంపారు. మెట్ల మీదే కుళ్ళనిచ్చాను.

చనిపోయినవాడి తరఫువాళ్ళు "క్షమించాం" అంటే శిక్ష తగ్గుతుంది. షియోంగ్‌కు నా అన్నవాళ్ళు లేరు.

"ఎవర్ని అడుగుదామే మరి?" అన్నాడు దషెంగ్.

"ఆయన్నే అడుగుదాం," అన్నాను.

తీర్పుకు ముందు రోజే మళ్ళీ ఆ పున్నమి వచ్చింది. అదే కూడలికి వెళ్ళాం. నేను గుండ్రం గీశాను. ఆయన నిప్పులో కాగితాలు వేస్తూ గొణుగుతున్నాడు.

"తాతా, మీరు నాకు కనపడలేదు. నిజంగా కనపడలేదు."

"కొంచెం గట్టిగా చెప్పు. పెద్దాయనకు వినపడొద్దూ?"

గాలి లేదు. అయినా పొగ పైకి పోకుండా మా చుట్టూనే తిరుగుతోంది. పక్కన కాలుస్తున్నవాళ్ళ మాటలు ఎప్పుడు ఆగిపోయాయో తెలియలేదు. కాలిన కాగితం వాసనలో తడిసిన పాత దుప్పటి వాసన కలిసింది...

తెల్లటి బండి ఒకటి వచ్చి మా ముందు ఆగింది. లోపల ఎవరూ లేరు. దాని నెత్తిమీది పలక వెలిగింది.

'ముందు మనుషులున్నారు. ముగ్గురు.'

మేమిద్దరమే ఉన్నాం.

ఆయన ఫోన్ మోగింది, స్పీకరు పెట్టాడు. టాన్ అనే పిల్ల. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చునేది తనే, పని నేర్పింది ఆయనే.

"గురువుగారూ, మీరేనా అక్కడ? తెరలో కనపడుతున్నారు."

"నేనూ మా ఆవిడా."

"మరి... మీ భుజం మీద చెయ్యేసిన తాతెవరు?"

దషెంగ్ బిగుసుకుపోయాడు. నేను చూశాను. చెయ్యి లేదు. చొక్కా మాత్రం భుజం దగ్గర అణిగి ఉంది... వేళ్ళంత మేర.

"బండి నన్ను అడుగుతోంది," అంది టాన్. "మూడోది పొగా, మనిషా అని. ఏం నొక్కను?"

"ఏం నొక్కినా నీ మీదికే వస్తుంది తల్లీ."

"నొక్కకపోయినా వస్తుంది గురువుగారూ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మనిషి అని నొక్కు. నేను నొక్కాల్సింది అదే."

బండి వెనక్కి వెళ్ళి వేరే దారి పట్టింది. చొక్కా ముడతలు మెల్లగా విడిపోయాయి. పెద్దాయన క్షమించాడనుకుని ఏడ్చాను. ఎంత పిచ్చిదాన్ని.

మర్నాడు కోర్టులో టాన్ ఉన్నదున్నట్టు చెప్పింది. బండి పొగనూ మనిషినీ పోల్చుకోలేదనడానికి ఇదే సాక్ష్యం అన్నాం. కంపెనీ లాయరు నవ్వాడు. "ఆ మూడోది ఉత్త పొగ," అన్నాడు. నిరుడు మా ఆయనా అదే మాట అన్నాడు, ఆయనకు మూడేళ్ళ జైలు పడింది. లాయరు మాత్రం కారెక్కి భోజనానికి వెళ్ళాడు.

ఇప్పుడు కూరలకు ఆ కూడలి మీదుగా ఒక్కదాన్నే వెళ్తాను. డ్రైవరు లేని బండి ఏదొచ్చినా దూరంగానే ఆగుతుంది. 'ఇద్దరు దాటుతున్నారు' అని పలక వెలుగుతుంది. బతికుండగా ఒక్క బండికీ కనపడని ముసలాయన ఇప్పుడు అన్నిటికీ కనపడుతున్నాడు. అలవాటైపోయింది. ఆయన కోసం నడక కూడా నెమ్మది చేశాను.

ఇవాళ పొద్దున పలక మీద 'ముగ్గురు' అని పడింది.

అప్పట్నుంచీ జైలుకు ఫోన్ చేస్తున్నాను. ఎవరూ ఎత్తడం లేదు.